ఊయల మీద ఆరు పొరల రంగు

పెచ్చులు లేచిన పాత ఇనుప గేటునో, కిటికీ ఊచనో దగ్గరగా చూస్తే ఆ ఇంటి చరిత్ర పొరలు పొరలుగా కనిపిస్తుంది. పైన ఈమధ్య వేసిన బూడిద రంగు. దాని కింద ఎవరి పెళ్లికో హడావిడిగా వేయించిన ముదురాకుపచ్చ. ఆ కింద మీగడ రంగు, ఇంకా కింద గృహప్రవేశం నాటి నీలం. అన్నిటికన్నా అడుగున, ఇనుముకు అతుక్కుని ఒక ఎర్రటి పొర. పండక్కి రంగులు వేయించేటప్పుడు పైరంగు గురించి వారం రోజులు ఆలోచిస్తాం గానీ, ఆ అడుగు పొర ఏమిటని ఎప్పుడూ అడగం.

నాకు అడగాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, మా అత్తగారింటి అటక మీద ఒక ఇనుప ఊయల ఉంది. మా వారు, మా ఆడపడుచు, మా మరిది ముగ్గురూ అందులో పెరిగినవాళ్లే. ఇప్పుడు ఆడపడుచు కూతురికి అయిదో నెల. "అత్తా, నా బిడ్డకీ ఆ ఊయలే కావాలి, మంచి రంగు వేయించి పెట్టు" అని ఫోను చేసింది. ముచ్చటైన కోరికే. కిందికి దింపించి చూస్తే కడ్డీల మీద ఆరు పొరలు లెక్క తేలాయి. కొత్త రంగు నిలవాలంటే పాతది తీయాలి. ఆ తీయడం దగ్గరే నేను నెల రోజులు ఆగి, దొరికినవన్నీ చదివాను.

ఇనుముకు శత్రువు తుప్పు. దాన్ని ఆపడానికి మనుషులు కనిపెట్టిన మందుల్లో బాగా పనిచేసినది సీసం. సీసాన్ని గాలి తగిలేలా కాలిస్తే చివరికి నారింజ ఎరుపు పొడి అవుతుంది. దాన్నే మనవాళ్లు సిందూరం అన్నారు. ఆ పొడిని అవిసె నూనెలో కలిపి పూస్తే నూనెతో చేరి సబ్బులాంటి పదార్థంగా మారి ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది. తుప్పును దగ్గరకు రానివ్వదు. అమెరికాలో 1937లో తెరిచిన గోల్డెన్ గేట్ వంతెన ఉక్కంతటికీ వేసిన అడుగు పొర ఇదే. ఆ పొర రంగు చూసి ముచ్చటపడే వాస్తుశిల్పి ఇర్వింగ్ మారో వంతెనకు ఆ నారింజ రంగునే ఖాయం చేశాడంటారు. తర్వాత 1965లో మొదలుపెట్టి, ఆ సీసం రంగును గీకి వేరే రంగు వేయడానికి 1995 దాకా పట్టింది. వేయడం తేలిక, తీయడానికి ముప్ఫై ఏళ్లు.

అయితే ఎర్రగా ఉన్న ప్రతి అడుగు పొరా సీసం కాదు. మన హార్డ్‌వేర్ షాపులో దొరికే రెడ్ ఆక్సైడ్ ఇనుము నుంచి వచ్చిన రంగు, ఇటుక రంగులో ఉంటుంది. కానీ కిటికీ గ్రిల్స్‌కి వేసే రకంలో చాలాసార్లు జింక్ క్రోమేట్ కలుస్తుంది. దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఇక పైన వేసిన ఎనామిల్ రంగుల్లో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ మెరిసేది తరచుగా సీసం క్రోమేట్ వల్లే. పాతకాలపు తెలుపు మెరిసేది తెల్ల సీసం వల్ల. కాబట్టి కంటితో చూసి తేల్చుకునే విషయం కాదిది.

ఆ తెల్ల సీసం ఎలా తయారయ్యేదో చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మట్టి కుండల్లో వెనిగర్ పోసి, పైన సీసం రేకులు పేర్చి, చుట్టూ గుర్రపు పేడ కప్పి నెలల తరబడి మూసి ఉంచేవారు. పేడ వేడికి, వెనిగర్ ఆవిరికి సీసం తెల్లటి పొరలుగా ఉబ్బేది. తర్వాత ఆ గదులు తెరిచి, తెల్ల పొడిని తట్టల్లో ఎత్తి నెత్తిన పెట్టుకుని మోసేదెవరు? ఇంగ్లండులో ఆ పని ఆడవాళ్లది. పేద ఆడవాళ్లది. మరే పనీ దొరకనివాళ్లది. లండన్ తూర్పు వాడల్లో అలాంటి ఇళ్లకు వెళ్లి చూసిన చార్లెస్ డికెన్స్ 1868లో వాళ్ల గురించి రాశాడు. బెర్నార్డ్ షా 1893లో రాసిన 'మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్' నాటకంలో, మిసెస్ వారెన్ సవతి అక్కచెల్లెళ్లలో ఒకామె ఇలాంటి కార్ఖానాలో పనిచేసి సీసం విషంతోనే చనిపోతుంది. కడుపులు నిలిచేవి కావు, నిలిచినా బిడ్డలు దక్కేవారు కారు. అడిగితే యజమానుల జవాబు ఎప్పుడూ ఒకటే: వాళ్లు చేతులు కడుక్కోరు, తాగుతారు, సరిగ్గా తినరు.

1898లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రమాదకరమైన పనుల్లోంచి ఆడవాళ్లను తీసేసింది. మంచిదే అనిపిస్తుంది మొదట. కాస్త ఆగి ఆలోచిస్తే, విషాన్ని అలాగే ఉంచి మనుషుల్ని మార్చారు. ఆ తట్టలు మగవాళ్ల నెత్తికెక్కాయి, ఈ ఆడవాళ్ల కూలి పోయింది.

అమెరికాలో ఈ పనంతా కళ్లతో చూసి రాసింది ఒక లేడీ డాక్టరు, ఆలిస్ హామిల్టన్. 1910లో ఇల్లినాయ్ రాష్ట్రం తరఫున సీసం పరిశ్రమల్ని పరిశీలించింది. యజమానుల మాట ఒక్కటీ విని ఊరుకోలేదు. ఆసుపత్రి రికార్డులు తిరగేసింది, మందుల షాపుల వాళ్లను అడిగింది, కార్మికుల ఇళ్లకెళ్లి వాళ్ల భార్యలతో మాట్లాడింది. మొగుడికి చెయ్యి ఎప్పట్నుంచి వాలిపోతోందో, కడుపునొప్పి ఎప్పుడొస్తోందో ఆ ఇంటి ఇల్లాలికి తెలిసినంతగా ఏ రిజిస్టరుకు తెలుస్తుంది? అన్నట్టు, 1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆవిడను మొదటి మహిళా అధ్యాపకురాలిగా తీసుకుంది. కానీ మగ అధ్యాపకుల క్లబ్బులో అడుగు పెట్టకూడదు, స్నాతకోత్సవం ఊరేగింపులో నడవకూడదు అని షరతులు పెట్టింది.

ఇదంతా కార్ఖానాల గొడవ. సీసం ఇంట్లోకి, పిల్లల నోట్లోకి వస్తోందని మొదట గట్టిగా చెప్పింది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ డాక్టర్లు. అక్కడ 1892 నాటికే జెఫ్రిస్ టర్నర్ అనే పిల్లల డాక్టరు తన ఆసుపత్రికొచ్చే పిల్లల్లో సీసం విషం గుర్తించాడు. ఎక్కడినుంచి వస్తోందో తెలియలేదు. నీళ్లా, గిన్నెలా, మిఠాయిలా? అక్కడే జాన్ లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు ఉండేవాడు. చూపు దెబ్బతిన్న పిల్లలు ఆయన దగ్గరకు వచ్చేవారు. 1904లో ఆయన తేల్చి చెప్పాడు: కారణం వరండా కటకటాలకు వేసిన రంగు.

ఆ ఇళ్ల ఫోటోలు చూస్తే మన కోస్తా ఊళ్ల ఇళ్లే గుర్తొచ్చాయి నాకు. ఎత్తుగా కట్టిన ఇల్లు, చుట్టూ వరండా, మండే ఎండ. ఎండకు రంగు సుద్దలా పొడిపొడి అవుతుంది. పిల్లలు కటకటాలు పట్టుకుని ఊగుతారు, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు, గోళ్లు కొరుకుతారు. అంతకు మించి రహస్యమేమీ లేదు. తోటి డాక్టర్లు చాలామంది నమ్మలేదు. చివరికి 1922లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం పిల్లల చేతికందే చోట సీసం రంగు వాడకూడదని చట్టం చేసింది. అంతకు ముందు ఏడాదే జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ల లోపల తెల్ల సీసం వద్దని ఒప్పందం చేసింది.

మరి మన దేశంలో? ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు దాటకూడదన్న నిబంధన 2016 నవంబరులో వచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. బ్రిస్బేన్ చట్టానికీ మన నిబంధనకీ మధ్య 94 ఏళ్లు. మన గేట్లు, గ్రిల్స్, ట్రంకు పెట్టెలు, ఊయలలు ఎక్కువగా ఆ 94 ఏళ్లలోనివే.

ఇంత చదివాక ఊయల నుంచి రాలిన రెండు పెచ్చులు ప్లాస్టిక్ సంచిలో వేసి ల్యాబుకి పంపాను. పరిమితికి ఎన్నో రెట్లు ఎక్కువని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని మా అత్తయ్యగారి దగ్గర కూర్చున్నాను.

"ముగ్గురూ ఇందులోనే పెరిగారమ్మా. ఒకడు ఇంజనీరు, ఒకడు బ్యాంకు ఆఫీసరు, అమ్మాయి టీచరు. ఏం తక్కువైంది?" అన్నారావిడ.

న్యాయమైన ప్రశ్నే. చాలాకాలం డాక్టర్లూ అలాగే అనుకున్నారు. పిల్లాడికి ఫిట్స్ వచ్చి బతికి బయటపడితే గండం గడిచినట్టే అన్నారు. అమెరికాలో సీసం కంపెనీల సంఘమైతే 1950లలో నేరుగా పేద తల్లిదండ్రుల మీదకే తోసేసింది, పిల్లల్ని సరిగ్గా కనిపెట్టుకోవడం రాదని. ఈ లెక్క మార్చినవి పాలపళ్లు. హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే డాక్టరు బోస్టన్ పక్కనున్న చెల్సీ, సోమర్‌విల్ ఊళ్లలో ఒకటి రెండు తరగతుల పిల్లల ఊడిన పళ్లు సేకరించాడు. మనం పేడలో చుట్టి ఇంటి కప్పు మీదకు విసిరేస్తామే, అవే. రెండు వేలకు పైగా పిల్లలు పళ్లు ఇచ్చారు. ఏ జబ్బూ లేని, రోజూ బడికొచ్చే పిల్లలు. పంట్లో సీసం ఎక్కువున్న వాళ్లకు తెలివితేటల పరీక్షల్లో మార్కులు తగ్గాయి, టీచర్లు చెప్పిన ప్రకారం ఏకాగ్రతా తక్కువే. 1979లో అచ్చయిన ఈ పరిశోధన మీద తర్వాత ఆయన్ని విచారణల్లో నిలబెట్టారు. తప్పు చేయలేదని తేలింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు హాని చేయని సీసం మోతాదు అంటూ ఏదీ తెలియదంటోంది. పెద్దవాళ్లకంటే పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. ఒంట్లోకి వెళ్లింది ఎముకల్లో దాక్కుంటుంది, గర్భంతో ఉన్నప్పుడు కాల్షియంతో పాటు బయటికొచ్చి బిడ్డకు చేరుతుంది.

ఏం తక్కువైందో తెలుసుకునే దారి లేదు అత్తయ్యా, ఎంతో కొంత తక్కువ కాకుండా ఉంటే ఇంకెలా ఉండేవారో మనం చూడలేదు కదా అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఊయల పక్క కడ్డీని చూపించి, "పళ్లొచ్చేటప్పుడు చిన్నవాడు దీన్ని కొరికేవాడు" అన్నారు. అక్కడ పచ్చ రంగు లేచిపోయి కింద నీలం కనిపిస్తోంది.

పెయింటర్ వచ్చాడు. "అమ్మా, గ్యాస్ గన్ను పెడితే అరగంటలో ఊడొస్తుంది. లేదంటే గ్రైండర్ పట్టేద్దాం" అన్నాడు. నేను నెల రోజులు ఆగింది ఈ రెండు మాటల దగ్గరే.

బాల్టిమోర్ నగరంలో 1951లోనే ఇళ్ల లోపల సీసం రంగు నిషేధించారు. అయినా పాత ఇళ్ల పిల్లలు ఆసుపత్రికి వస్తూనే ఉన్నారు. వాళ్ల ఇళ్లలో రంగు తీయించడం మొదలుపెట్టారు. కాల్చడం, పొడిగా రుద్దడం, గీకడం, చివర్లో ఒకసారి ఊడ్చేయడం. మార్క్ ఫార్‌ఫెల్, జూలియన్ చిజోమ్ అనే ఇద్దరు ఆ ఇళ్లను ముందూ తర్వాతా పరీక్షించి 1990లో రాశారు. పని అయ్యాక ఇంటి దుమ్ములో సీసం తగ్గడం పోయి, పదుల రెట్లు పెరిగింది. చాలామంది పిల్లల రక్తంలోనూ పెరిగింది. గోడకు అంటుకుని ఉన్నంతకాలం కదలకుండా పడి ఉన్నది, తీయబోయి ఇల్లంతా చల్లారు. పెచ్చయితే పిల్లాడు ఒకటో రెండో తింటాడు. దుమ్మయితే నేల మీద, బొమ్మల మీద, అమ్మ చీర కుచ్చిళ్ల మీద ఉంటుంది. చీపురుతో ఊడిస్తే లేచి మళ్లీ అక్కడే కూర్చుంటుంది.

నిజానికి రంగు తీసే పద్ధతుల చరిత్ర చూస్తే ఒక గండం తప్పించబోయి ఇంకో గండంలో పడటమే కనిపిస్తుంది. మొదట కాస్టిక్ సోడా. రంగును తింటుంది, చేతుల్నీ కళ్లనీ తింటుంది, అల్యూమినియం తగిలితే దాన్నీ తింటుంది. తర్వాత బ్లోలాంప్. స్వీడన్‌లో 1882లో కార్ల్ రిచర్డ్ నైబర్గ్ దాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. పదేళ్ల తర్వాత వచ్చిన ప్రైమస్ స్టవ్‌కి, అంటే మన అమ్మలు పిన్ను పెట్టి పొడుస్తూ తంటాలు పడ్డ పంపు స్టవ్‌కి, అదే మూలం. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, మంట దానికి ఎన్నో రెట్లు వేడి. కాల్చినప్పుడు వచ్చే పొగలో సీసం కంటికి కనిపించకుండా ఊపిరిలోకి పోతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెంజీన్ కలిపిన ద్రావకాలొచ్చాయి. అవి భగ్గున మండేవి, ఆ బెంజీన్ రక్త క్యాన్సరు తెస్తుందని తర్వాత తెలిసింది. మండని ద్రావకం కావాలని మెథిలీన్ క్లోరైడ్‌కి మారారు. అది ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. కుంపటి పెట్టుకుని తలుపులేసుకుంటే ప్రాణం తీసే వాయువు అదే. అమెరికాలో 2000 నుంచి 2011 లోపు స్నానాల గదుల్లో టబ్బుల రంగు తీస్తూ 13 మంది పనివాళ్లు దీనివల్ల చనిపోయారని లెక్క తేలింది. 2019లో అక్కడ ఇళ్లలో వాడేవాళ్లకు దాని అమ్మకం ఆపేశారు. మన దగ్గర కొనేటప్పుడు డబ్బా మీద మెథిలీన్ క్లోరైడ్ అనిగానీ, డైక్లోరోమీథేన్ అనిగానీ ఉందేమో చదవండి. రెండూ ఒకటే.

ఊయలను ఏదైనా షెడ్డుకి పంపి ఇసుకతో కొట్టించేయమని మా వారు అన్నారు. శుభ్రంగా వస్తుంది, నిజమే. కానీ నేను చూసిన షెడ్డులో ఆ పని చేస్తున్న కుర్రాడు ముక్కుకు జేబురుమాలు కట్టుకున్నాడు, అంతే. మన ఊయల దుమ్ము వాడి ఊపిరిలోకి పంపి మనం చేతులు దులుపుకోవడం ఆ 1898 నాటి పరిష్కారమే అనిపించింది. అసలు ఊయలే వద్దు, కొత్తది కొందాం అన్నది తెలివైన మాట. పాత వస్తువు మీద మమకారం లేకపోతే నేనూ మీకు అదే చెబుతాను. రంగు గట్టిగా ఉండి, పెచ్చులు లేవకుండా, పిల్లల చేతికీ నోటికీ అందని గ్రిల్ అయితే తీయనే తీయకండి. తడిగుడ్డతో తుడిచి, ఎక్కడా గీకకుండా పైన మంచి రంగు వేయించండి చాలు.

ఊయల పని నేనే చేశాను. మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు, కడుపుతో ఉన్నవాళ్లూ లేరు. మేనకోడల్ని పురిటికి వచ్చేదాకా ఆ ఛాయలకు రావద్దన్నాను. గాలి లేని రోజు చూసుకుని మేడ మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులు పైకి మడిచి, ఊయలను దానిమీద పెట్టాను. మెథిలీన్ క్లోరైడ్ లేని, బెంజైల్ ఆల్కహాల్‌తో చేసిన జెల్ తెప్పించి మందంగా పూసి, ప్లాస్టిక్ కవర్ చుట్టి రాత్రంతా వదిలేశాను. నిదానంగా పనిచేస్తుంది, ఓపిక కావాలి. మర్నాటికి రంగు ఉడికిన పులుసులోని ముక్క తొక్కలా మెత్తబడింది. ప్లాస్టిక్ గీకుడు పలకతో తీసి నేరుగా డబ్బాలో వేశాను. ఆరు పొరలకు నాలుగు సార్లు చేయాల్సి వచ్చింది. మూలల్లో మిగిలింది వాటర్ పేపర్‌తో, నీళ్లు చిలకరిస్తూ రుద్దాను. ఒక్క క్షణం కూడా పొడిగా రుద్దలేదు. పొడిగా ఉంటే దుమ్ము, తడిగా ఉంటే బురద. బురద ఎగరదు. కొక్కేలూ బోల్టులూ పనికిరాని ఒక స్టీలు గిన్నెలో బట్టల సోడా నీళ్లు పోసి బయటే సన్న సెగ మీద ఉంచితే రంగు దానంతటదే జారిపోయింది. ఆ గిన్నె మళ్లీ వంటింటి గడప తొక్కలేదు.

చేతులకు ద్రావకం దిగని గ్లౌజులు, కళ్లకు అద్దాలు. మాస్కు దగ్గర చాలామంది పొరబడతారు. గుడ్డ మాస్కు సీసం దుమ్మును ఆపదు, ఎన్-95 దుమ్మును ఆపుతుంది గానీ ద్రావకం ఆవిరిని ఆపదు. అందుకే ఆరుబయట చేయాలి, పక్కన అగ్గిపుల్ల గీయకూడదు. పని బట్టలు విడిగా ఉతికాను. చేతులూ ముఖమూ సబ్బుతో కడగకుండా మంచినీళ్లు కూడా ముట్టలేదు. చీపురు పట్టలేదు. నేలంతా సబ్బునీళ్లు ముంచిన గుడ్డతో తుడిచి, మంచినీళ్ల గుడ్డతో మళ్లీ తుడిచి, ఆ గుడ్డల్నీ పట్టానూ లోపలివైపుకి మడిచి మూట కట్టాను.

ఇనుము బయటపడ్డాక వెంటనే తుప్పు పట్టబోతుంది కాబట్టి ఆ రోజే బాగా తుడిచి, ఆరబెట్టి, సీసం లేదని రాసి ఉన్న ప్రైమర్, దానిమీద మీగడ రంగు వేశాను. బాగా ఆరి వాసన పోవాలని నెలన్నర ఎండా గాలీ తగిలేచోట వదిలేశాం. కొరికే కడ్డీ చుట్టూ మా అత్తయ్యగారు పాత నేతచీర చించి మెత్తగా చుట్టి కుట్టారు.

మిగిలింది ఆ డబ్బా. మురుగుకాలవలో పోస్తే పక్కవీధి చెరువుకి వెళుతుంది, తడిచెత్తలో వేస్తే పారిశుధ్య కార్మికురాలి చేతికి వెళుతుంది. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాల్లో పాత రంగు డబ్బాల్ని ఇంటి ప్రమాదకర వ్యర్థాల కింద చేర్చారు, విడిగా తీసుకోవాలన్నారు. మూత బిగించి, టేపు చుట్టి, పైన ఎర్రసిరాతో "విషం, పాత సీసం రంగు" అని రాసి వార్డు ఆఫీసుకి రెండుసార్లు వెళ్లాను. ఒకసారి తీసుకుంటామన్నారు, ఒకసారి ఎవరికివ్వాలో తెలియదన్నారు. ఆ డబ్బా మేడ మీద గదిలో తాళం వేసి ఉంది. సోమవారం మళ్లీ వెళ్తున్నాను.